బ్లూ డార్ట్ కార్గో విమానాలు: ఎక్కువ డబ్బు ఎప్పుడు కట్టాలి, ఎప్పుడు కట్టక్కర్లేదు

హైదరాబాద్‌లో సాయంత్రం ఆరింటికి ఇచ్చిన టెండర్ కవరు మర్నాడు పొద్దున పదిన్నరకల్లా ఢిల్లీలో ఒక ఆఫీసు కౌంటర్ మీద ఉండాలంటే, దాని ప్రయాణమంతా రాత్రిపూటే అయిపోవాలి. సాయంత్రం పికప్, రాత్రి హబ్‌లో ఊళ్ల వారీగా సార్టింగ్, అర్ధరాత్రి లోడింగ్, తెల్లారేలోపు ల్యాండింగ్, పొద్దున్నే డెలివరీ బాయ్ సంచిలోకి. ఇందులో విమానం బయల్దేరే వేళ ఒక్కటి కుదరకపోతే మిగతా పనులు ఎంత చురుగ్గా చేసినా లాభం లేదు. ప్యాసింజర్ విమానానికి టైమ్‌టేబుల్ మనుషుల సౌకర్యాన్ని బట్టి వేస్తారు. కొరియర్ విమానానికి ఆఫీసులు, ఫ్యాక్టరీలు మూసే వేళని బట్టి వేస్తారు. బ్లూ డార్ట్ రేటు మామూలు కొరియర్ కంటే ఎక్కువ ఉండటానికి మూలం ఇక్కడే ఉంది.

చాలామంది బ్లూ డార్ట్ అంటే ఒకే కంపెనీ అనుకుంటారు. పార్సిల్ తీసుకుని రసీదు ఇచ్చేది బ్లూ డార్ట్ ఎక్స్‌ప్రెస్. విమానాలు నడిపేది దాని అనుబంధ సంస్థ బ్లూ డార్ట్ ఏవియేషన్, చెన్నై కేంద్రంగా. ఇప్పుడు వాళ్ల దగ్గర ఉన్నవి ఆరు బోయింగ్ 757-200లు, 2022 నుంచి చేరిన రెండు బోయింగ్ 737-800లు. అన్నీ కార్గో విమానాలే, ఒక్క ప్యాసింజర్ సీటు ఉండదు. చెన్నై, బెంగళూరు, ముంబై, ఢిల్లీ, కోల్‌కతా, అహ్మదాబాద్, హైదరాబాద్ ఏళ్లుగా వీటి ప్రధాన స్టేషన్లు. రెండు తెలుగు రాష్ట్రాలకీ కలిపి ఈ జాబితాలో ఉన్నది హైదరాబాద్ ఒక్కటే. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, విజయవాడ, విశాఖ వాళ్లకి దీంతో చాలా పని పడుతుంది.

రాత్రి విమానాల ఆలోచన మన దేశానికి కొత్తది కాదు. 1949 జనవరి 30న నైట్ ఎయిర్‌మెయిల్ మొదలైంది. ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మద్రాసుల నుంచి నాలుగు విమానాలు రాత్రి బయల్దేరి నాగపూర్‌లో కలుసుకునేవి, టపా సంచులు మార్చుకునేవి, తెల్లారేసరికి ఎవరి ఊరికి వాళ్లు చేరేవారు. దేశం మధ్యలో ఒక హబ్, నాలుగు దిక్కులకి నాలుగు రెక్కలు. దాదాపు పాతికేళ్ల తర్వాత అమెరికాలో ఫెడెక్స్ అనే కొరియర్ కంపెనీ మెంఫిస్ నుంచి చేసి చూపించింది ఈ పద్ధతినే. మనవాళ్లు డకోటా విమానాలతో, ఉత్తరాల కోసం ముందే చేశారు. ఇది చదివిన ప్రతిసారీ గర్వంగా అనిపిస్తుంది.

ఆ తర్వాత దేశీయ విమానయానం నాలుగు దశాబ్దాల పాటు ప్రభుత్వ సంస్థల చేతిలోనే ఉండిపోయింది. 1990లో కార్గో విమానాల మీద ఆంక్షలు సడలించే ఓపెన్ స్కై విధానం వచ్చింది. 1994లో ఎయిర్ కార్పొరేషన్ల చట్టం రద్దయ్యాకే ప్రైవేటు ఎయిర్‌లైన్స్‌కి దారి పూర్తిగా తెరుచుకుంది. బ్లూ డార్ట్ కొరియర్ కంపెనీ అప్పటికే పదేళ్లు పైబడినది. 1983లో తుషార్ జాని, ఖుష్రూ దుబాష్, క్లైడ్ కూపర్ అనే ముగ్గురు ముంబైలో మొదలుపెట్టారు. ఫెడెక్స్‌తో పొత్తు ఉన్న రోజుల్లో ఎక్స్‌ప్రెస్ కంపెనీ సొంత విమానాలతో ఎలా నడుస్తుందో దగ్గర నుంచి చూశారు. 1994లో ఏవియేషన్ కంపెనీ పెట్టి, 1996 జూన్‌లో రెండు బోయింగ్ 737-200 కార్గో విమానాలతో సర్వీసు మొదలుపెట్టారు. 2004 నవంబరులో అంతర్జాతీయ కొరియర్ సంస్థ డీహెచ్ఎల్ బ్లూ డార్ట్ ఎక్స్‌ప్రెస్‌లో 81.03 శాతం వాటా కొంది. 2006 నుంచి 757లు రావడం మొదలై పాత 737-200లు మెల్లగా తప్పుకున్నాయి.

దీన్ని మెచ్చుకోవాలంటే పక్కన పడిపోయిన వాళ్లని కూడా చూడాలి. అదే 1996లో లుఫ్తాన్సా కార్గో పొత్తుతో, బోయింగ్ 727లతో వచ్చిన హిందూజా కార్గో సర్వీసెస్ 2000 నాటికి ఆగిపోయింది. మన సికింద్రాబాద్‌లోని "గతి" అనే కొరియర్ కంపెనీ 2007లో ఇండియన్ ఎయిర్‌లైన్స్ పాత 737-200లని కార్గోకి మార్పించి, వాటిని తీసుకుని నడిపింది. రెండేళ్లకి అది వివాదంగా మారి ఆర్బిట్రేషన్ దాకా వెళ్లింది. హైదరాబాద్ కేంద్రంగా ఫ్లయింగ్టన్ ఫ్రైటర్స్ అని ఒకటి వచ్చింది. ఎయిర్‌బస్ కొత్తగా తయారుచేస్తున్న ఎ330-200 కార్గో విమానాలకి ముందు వరసలో ఆర్డర్ ఇచ్చింది, ఒక్క విమానం కూడా చేతికి రాలేదు. ఎయిర్ డెక్కన్ పెట్టిన కెప్టెన్ గోపీనాథ్ 2009 నవంబరులో డెక్కన్ 360 పేరుతో, సరిగ్గా ఆ 1949 నాటి నాగపూర్‌నే హబ్‌గా పెట్టుకుని, ఎ310 విమానాలతో మొదలుపెట్టారు. 2011 నాటికి అదీ ఆగింది.

వీటిలో ఏదీ తెలివితక్కువ ఆలోచన కాదు. నాగపూర్ హబ్ మ్యాపు మీద చూస్తే అందంగా ఉంటుంది. చిక్కల్లా ఎక్కడంటే, విమానం ముందు కొని సరుకు తర్వాత వెతుక్కోవాల్సి రావడం. పెద్ద కార్గో విమానం ఒక రాత్రి సగం ఖాళీగా ఎగిరినా ఇంధనం, పైలట్లు, లీజు, ల్యాండింగ్ ఛార్జీలు మొత్తం కట్టాల్సిందే. పైగా మన దేశంలో సరుకు రెండు వైపులా సమానంగా నడవదు. పోయేటప్పుడు నిండిన విమానం వచ్చేటప్పుడు సగమే నిండుతుంది. బయటి ఏజెంట్ల మీద ఆధారపడ్డ ఎయిర్‌లైన్‌కి ఆ ఖాళీ నేరుగా నష్టం. బ్లూ డార్ట్ విమానం ఎగిరే నాటికి పదమూడేళ్లుగా కూడగట్టుకున్న పార్సిళ్లు చేతిలో ఉన్నాయి. పికప్ కుర్రాళ్లు, బ్యాంకుల ఒప్పందాలు, ఊరూరా ఆఫీసులు ముందు వచ్చాయి, విమానం తర్వాత వచ్చింది. నా లెక్కలో ఈ కంపెనీ బతికి ఉండటానికి ఇంతకంటే పెద్ద కారణం లేదు. 2023 జనవరి 23న శంషాబాద్‌లో అమెజాన్ ఎయిర్ మొదలైనప్పుడు కూడా ఇదే సూత్రం కనిపించింది. క్విక్‌జెట్ అనే కార్గో ఎయిర్‌లైన్ నడిపిన 737-800లో నిండినవి అమెజాన్ సొంత ఆర్డర్లే.

రెండో కారణం విమానం ఎంపిక. 757 ఉత్పత్తిని బోయింగ్ 2004లోనే ఆపేసింది. మొత్తం 1,050 తయారయ్యాయి. బ్లూ డార్ట్ వాడేవి ప్యాసింజర్లని మోసి, తర్వాత కార్గోకి మారినవి. ఇంత పాత విమానం ఎందుకని అడిగేవాళ్లు లెక్క చూడరు. కొరియర్ విమానం రాత్రికి నాలుగైదు గంటలే ఎగురుతుంది, పగలంతా నేల మీద ఉంటుంది. కొత్త విమానానికి నెలనెలా కట్టే వాయిదాని అన్ని తక్కువ గంటల మీద పంచితే కిలో రేటు ఆకాశానికి అంటుతుంది. పాత విమానం కొనుగోలు ధర తక్కువ, ఇంధనం మాత్రం ఎక్కువ తాగుతుంది. తక్కువ గంటలు ఎగిరేవాళ్లకి ఈ బేరమే లాభం. అందుకే ఇంధనం ధర పెరిగినప్పుడల్లా బిల్లులో ఫ్యూయల్ సర్‌ఛార్జి శాతం మారుతుంది. రేటు మాట్లాడుకునేటప్పుడు బేస్ రేటు ఒక్కటే చూసి సంతోషపడకండి. ఫ్యూయల్ సర్‌ఛార్జి, జీఎస్టీ కలిపిన చివరి అంకె అడగండి.

ఇక లోపలికి. 757 ఎడమ పక్కన, ముందు భాగంలో పెద్ద కార్గో తలుపు ఉంటుంది. వెడల్పు సుమారు 340 సెంటీమీటర్లు, ఎత్తు 218. అది పైకి తెరుచుకుంటుంది. లోపల నేలంతా రోలర్లు, తలుపు దగ్గర ఏ దిక్కుకైనా తిప్పడానికి వీలుగా ఉక్కు గోళీలు పరిచిన మ్యాటు. 318 × 224 సెంటీమీటర్ల అల్యూమినియం ప్యాలెట్ (చదునైన పలక) మీద సరుకు పేర్చి, పైన వల బిగించి, హై లోడర్‌తో తలుపు ఎత్తుకి లేపి లోపలికి నెడతారు. గోళీల మీద దాన్ని తిప్పి వెనక్కి తోస్తారు, నేలలో ఉన్న లాకులు పైకి లేచి దాన్ని పట్టుకుంటాయి. ఇలాంటి ప్యాలెట్లు పదిహేను దాకా పడతాయి. ఏ ప్యాలెట్ ఎక్కడ పెట్టాలన్నది బరువుని బట్టి లోడ్ షీట్ చెబుతుంది. వెనక భాగం ముందు బరువెక్కితే విమానం తోక మీద కూర్చుంటుంది కాబట్టి వరస తప్పకూడదు. ఆఖరి నిమిషంలో వచ్చిన ఒక బరువైన పెట్టెని "ఎక్కడో ఒకచోట పెట్టేయండి" అని అడిగితే ఎవరూ ఒప్పుకోకపోవడానికి కారణం ఇదే.

కింద పొట్టలో రెండు గదులుంటాయి. 757లోనూ 737లోనూ అక్కడ ప్యాలెట్లు పట్టవు. ఒక్కో పెట్టెని మనిషి వంగి, మోకాళ్ల మీద కూర్చుని చేత్తో పేర్చాలి. మీ పార్సిల్ పైన ప్యాలెట్‌లో వెళ్తుందో, కింద పొట్టలో వెళ్తుందో మీ చేతిలో లేదు. కాబట్టి ప్యాకింగ్ ఎప్పుడూ పొట్టలో వెళ్తుందనుకునే చేయాలి. పైన ఇరవై ముప్పై కిలోల పెట్టె పడ్డా నలగని ఐదు పొరల కార్టన్, లోపల ఖాళీ లేకుండా నింపడం, టేపుని కింద, పైన ఇంగ్లిష్ హెచ్ అక్షరం ఆకారంలో వేయడం. "ఫ్రాజైల్" స్టిక్కర్ వల్ల కార్టన్ గట్టిపడదు.

ఇప్పుడు అందరికీ ఎక్కువ కోపం తెప్పించే విషయం, వాల్యూమెట్రిక్ బరువు. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగించాలి. వచ్చిన అంకె, తూకం బరువు రెండింట్లో ఏది ఎక్కువైతే దానికి బిల్లు. 40 × 40 × 40 డబ్బాలో నాలుగు కిలోల జంతికలు పెట్టి పంపితే 64,000 ని 5000తో భాగించి 12.8 కిలోలుగా లెక్కేస్తారు. ఇది మోసమని చాలామంది అనుకుంటారు. విమానం అంకెలు చూడండి. 757 మోసేది సుమారు 28 టన్నులు. లోపలి స్థలం పైనా కిందా కలిపి 230 ఘనమీటర్ల పైచిలుకు. అంటే ఘనమీటరుకి 120 కిలోలు వేస్తే చాలు, బరువూ స్థలమూ ఒకేసారి నిండిపోతాయి. మనం పంపే బట్టలు, చెప్పులు, తినుబండారాలు అంత దట్టంగా ఉండవు. బరువు ఇంకా మిగిలి ఉండగానే స్థలం అయిపోతుంది. అమ్ముడుపోయేది స్థలం కాబట్టి స్థలానికే ధర కడతారు. మామూలు ఎయిర్ కార్గోలో 6000తో భాగిస్తారు, ఎక్స్‌ప్రెస్‌లో 5000. ఆ తేడా మాత్రం కొంచెం గట్టిదే, ఒప్పుకోవాలి.

దీన్ని తగ్గించుకునే దారి కార్టన్ దగ్గరే ఉంది. అవే జంతికలు 30 × 30 × 30 పెట్టెలో కుదిరితే 5.4 కిలోలకి దిగుతుంది. కార్టన్ ఉబ్బితే కొలతలో రెండు సెంటీమీటర్లు పెరుగుతుంది. 40 పెట్టె మూడు వైపులా 42 అయితే 12.8 కాస్తా 14.8 అవుతుంది. పెట్టె పక్కలు పొంగకుండా నింపండి. పికప్‌కి ముందు కొలిచే టేపుని పెట్టెకి ఆనించి మూడు కొలతలూ కనిపించేలా ఫోటో తీసుకోండి. బిల్లులో తేడా వస్తే కస్టమర్ కేర్‌కి అదే ఆధారం.

సర్వీసుల పేర్లు జాగ్రత్తగా చూసుకోవాలి, కౌంటర్ దగ్గర అన్నింటినీ "ఎయిర్" అనేస్తారు. డొమెస్టిక్ ప్రయారిటీ డాక్యుమెంట్లకి, చిన్న ప్యాకెట్లకి. అందులోనే పొద్దున పదిన్నరలోపు, పన్నెండులోపు అని టైము హామీ ఉన్న రకాలు విడిగా ఉన్నాయి, ఆ హామీ కొన్ని పిన్‌కోడ్లకే. ఏపెక్స్ 10 కిలోలు, ఆపైన బరువుకి విమానంలో. సర్ఫేస్‌లైన్ అదే బరువుకి రోడ్డు మీద. బరువు, కొలతలు, పిన్‌కోడ్ ఇచ్చి రెండింటి రేటూ, రోజులూ రాయించుకుని పోల్చండి. హైదరాబాద్ నుంచి బెంగళూరుకి, చెన్నైకి లారీ కూడా ఒక రాత్రిలో చేరగలదు కాబట్టి ఆ రెండు ఊళ్లకి బరువైన సరుకు విమానంలో పంపడం చాలాసార్లు దండగ. ఢిల్లీ, కోల్‌కతా, అహ్మదాబాద్ అయితే రోడ్డుకీ గాలికీ మధ్య తేడా రోజుల్లో ఉంటుంది. అక్కడ ఏపెక్స్ రేటుకి అర్థం ఉంది.

ఆంధ్ర ఊళ్ల సంగతి. విజయవాడ నుంచి ఇచ్చిన పార్సిల్ హైదరాబాద్ రాత్రి విమానం అందుకోవాలంటే 275 కిలోమీటర్లు రోడ్డు మీద రావాలి, ఐదారు గంటలు. కాబట్టి అక్కడ సాయంత్రం ఇచ్చింది ఆ రాత్రి విమానానికి అందడం కష్టం. మధ్యాహ్నంలోపు ఇవ్వడం మేలు. విశాఖ ఇంకా దూరం, అక్కడ ప్యాసింజర్ విమానాల పొట్టలో చోటు మీద ఆధారపడాలి, సొంత విమానం ఉన్న కంపెనీకి ఉండే నిక్కచ్చి అక్కడ ఉండదు. తిరుపతికి చెన్నై దగ్గర, 135 కిలోమీటర్ల దూరం. చిత్తూరు, తిరుపతి వైపు వాళ్లు అటు నుంచి టైము ఎంతో కూడా అడిగి చూడండి. ఏ ఊరైనా సరే, ఆఫీసు మూసే వేళ వేరు, పికప్ కటాఫ్ వేరు. అడగాల్సింది "ఎన్నింటి దాకా తెరిచి ఉంటుంది" అని కాదు, "ఈ రాత్రి బండికి ఎన్నింటిలోపు ఇవ్వాలి" అని.

ట్రాకింగ్‌లో కనిపించే మాటలు కూడా కొంచెం తెలుసుకుంటే కంగారు తగ్గుతుంది. "ఫర్దర్ కనెక్టెడ్" అంటే ఒక హబ్ నుంచి తర్వాతి హబ్‌కి సంచి కదిలిందని. "అరైవ్డ్" తర్వాత "ఔట్‌స్కాన్" కనిపిస్తే డెలివరీ మనిషి చేతికి వెళ్లినట్టు. చిన్న ప్యాకెట్లు ఒక పెద్ద సంచిలో కలిసి వెళ్తాయి, స్కాన్ అయ్యేది ఆ సంచే. అందుకే రాత్రి పూట గంటల తరబడి మీ నంబరు మీద కొత్త లైను రాకపోవడం మామూలే. పొద్దున పదింటికి కూడా చేరాల్సిన ఊరి నుంచి "అరైవ్డ్" రాకపోతే అప్పుడు ఫోన్ చేయాలి. పార్సిల్ ఆఫ్‌లోడ్ అయి ఉండొచ్చు. విమానం నిండిపోయినా, ఇంధనం ఎక్కువ వేసుకోవాల్సి వచ్చినా కొంత సరుకు దింపక తప్పదు. టైము హామీ ఉన్న చిన్న ప్యాకెట్లని ముందు ఎక్కించడం ఈ వ్యాపారంలో మామూలు, కాబట్టి దింపే వరసలో పెద్ద పెట్టెలు ముందుంటాయి. డిసెంబరు, జనవరిల్లో ఢిల్లీ పొగమంచు తెల్లవారుజామునే దట్టంగా ఉంటుంది, సరిగ్గా ఈ విమానాలు దిగే వేళ అది. ఆ రెండు నెలలు ఢిల్లీకి కోర్టు ఫైలింగ్, టెండర్ లాంటివి ఒక రోజు ముందుగా పంపండి.

ఆవకాయ గురించి విడిగా చెప్పాలి, తెలుగువాళ్లు పంపేవాటిలో ఎక్కువ గొడవ దానితోనే. కార్గో విమానం లోపల గాలి ఒత్తిడి ఉంటుంది, కానీ నేల మీద ఉన్నంత కాదు. దాదాపు 8,000 అడుగుల కొండ మీద ఉన్నట్టు, నేల మీది ఒత్తిడిలో ముప్పాతిక. సీసాలో మూత కింద చిక్కుకున్న గాలి మూడో వంతు వ్యాకోచిస్తుంది. అది నూనెని మూత మరల్లోంచి బయటికి తోస్తుంది. సీసా పక్కకి ఒరిగి ఉంటే ఇక చెప్పనక్కర్లేదు. నూనె ఒక కార్టన్‌తో ఆగదు, పక్కనున్న పది పార్సిళ్లని పాడుచేస్తుంది, అందుకే కౌంటర్‌లో పచ్చడి అనగానే ముఖం మారుతుంది. గాజు సీసా వద్దు. ఫాయిల్ సీల్ వేసిన ప్లాస్టిక్ జార్ తీసుకుని, పైన గాలి వీలైనంత తక్కువ ఉండేలా నింపండి. మూత చుట్టూ టేపు, జార్‌ని ఒకదానిలో ఒకటిగా రెండు జిప్ కవర్లలో పెట్టి, రెండు కవర్ల మధ్య పాత న్యూస్ పేపరు లేదా నూనె పీల్చే గుడ్డ. కార్టన్‌లో నిలువుగానే కూర్చునేలా చుట్టూ ఖాళీ నింపండి. ఇంత చేసినా అది ద్రవమే అని తిప్పి పంపే కౌంటర్లు ఉంటాయి. ముందే ఫోన్ చేసి తీసుకుంటారో లేదో కనుక్కోండి.

మనం మామూలు సామాను అనుకునేవి కొన్ని విమానం లెక్కలో ప్రమాదకర సరుకు. కర్పూరం అందులో ఒకటి. పూజ సామగ్రి పార్సిల్‌లో కర్పూరం ప్యాకెట్ ఉంటే ఎక్స్‌రేలో కాకపోయినా, సరుకు వివరాల జాబితాలో పట్టుకుని ఆపేస్తారు. ఐక్యరాజ్యసమితి ప్రమాదకర సరుకుల జాబితాలో అది మండే ఘనపదార్థాల తరగతిలో యూఎన్ 2717 నంబరుతో ఉంది. సెంటు సీసాలు, డియోడరెంట్ స్ప్రేలు, నెయిల్ పాలిష్, పవర్ బ్యాంకులు కూడా ఆగుతాయి. విడి లిథియం అయాన్ బ్యాటరీలని 2016 ఏప్రిల్ నుంచి ప్రపంచమంతటా ప్యాసింజర్ విమానాల్లో కార్గోగా తీసుకోకూడదు. కార్గో విమానంలోనే, అదీ ఛార్జి 30 శాతం మించకుండా, నిర్ణీత ప్యాకింగ్‌తో వెళ్లాలి. ఎలక్ట్రిక్ బండ్ల బ్యాటరీలు, సోలార్ ఇన్వర్టర్ బ్యాటరీలు అమ్మేవాళ్లకి కార్గో విమానం అవసరం ఇక్కడ పడుతుంది. పేపర్లు రాసే మనిషికి డేంజరస్ గూడ్స్ శిక్షణ ఉండాలి. పార్సిల్‌లో ఉన్నది ఒకటి, కాగితం మీద రాసింది ఒకటి అయితే జరిగేది జరిమానాతో పోదు. మంటలు అంటుకుంటే గాలిలో ఆపడం చాలా కష్టం.

హైదరాబాద్‌కి ఈ సర్వీసుతో అందరికంటే ఎక్కువ పని ఉన్నది మందుల కంపెనీలకి, క్లినికల్ ల్యాబ్‌లకి. రక్తం శాంపిళ్లు, టీకాలు, పరీక్షలకి పంపే మందులు ఒక రాత్రి ఆలస్యమైతే పారేయాల్సిందే. ఇక్కడ సొంత విమానం ఉన్న కంపెనీకి నేను పూర్తి మార్కులు వేస్తాను, ఎందుకంటే సంచి చేతులు మారే చోట్లు తగ్గుతాయి. శాంపిల్ పాడయ్యేది విమానంలో కంటే ఎండలో, ట్రాలీ మీద ఎదురుచూసేటప్పుడు ఎక్కువ. డ్రై ఐస్ వాడితే పెట్టెని గాలి చొరకుండా బిగించకూడదు. ఆ ఐసు ఆవిరై కార్బన్ డయాక్సైడ్ అవుతుంది, బయటికి దారి లేకపోతే పెట్టె పగులుతుంది. పైన యూఎన్ 1845 అని, లోపల ఎన్ని కిలోల డ్రై ఐస్ ఉందో రాయాలి. ఆ కిలోలు రాయకపోవడం వల్లే చాలా పెట్టెలు కౌంటర్ దగ్గర ఆగుతాయి. జెల్ ప్యాకులైతే ఈ తలనొప్పి లేదు, రెండు నుంచి ఎనిమిది డిగ్రీల సరుకుకి అవే చాలు. ప్రయాణం 24 గంటలనుకుంటే 48 గంటలకి సరిపడా పెట్టండి. కోవిడ్‌లో 2020 మార్చి 26న ప్రభుత్వం మొదలుపెట్టిన లైఫ్‌లైన్ ఉడాన్ విమాన సర్వీసులో బ్లూ డార్ట్ విమానాలు వైద్య సామగ్రి మోశాయి, చైనా దాకా వెళ్లి తెచ్చాయి. 2021 సెప్టెంబరు 11న వికారాబాద్‌లో మొదలైన "మెడిసిన్స్ ఫ్రమ్ ద స్కై" డ్రోన్ల ప్రయోగంలో కూడా బ్లూ డార్ట్ మెడ్ ఎక్స్‌ప్రెస్ బృందం ఒకటి.

పోటీ ఇప్పుడు బాగా పెరిగింది. ఇండిగో 2022 నుంచి ఎ321 కార్గో విమానాలు తెచ్చింది, ఒక్కోటి 27 టన్నులు మోస్తుంది. కాకపోతే అక్కడ మీరు ఎయిర్‌పోర్టు నుంచి ఎయిర్‌పోర్టుకి స్థలం కొంటున్నారు, ఇంటి నుంచి ఇంటికి కాదు. రోజూ పెద్ద ఎత్తున పంపేవాళ్లు, రెండు ఊళ్లలోనూ సొంత ఏజెంటు ఉన్నవాళ్లు అటు చూడటం మంచిది. కిలో రేటు తగ్గుతుంది. వారానికి నాలుగైదు పెట్టెలు పంపేవాళ్లకి ఏజెంట్ ఖర్చు, టర్మినల్ ఛార్జీలు, ఆటో కిరాయి కలిపితే ఆదా ఏమీ మిగలదు. పరాయి విమానాల మీద ఆధారపడటంలో ఉన్న చిక్కు కూడా తెలిసిందే. కార్గో మీద ఫ్యూయల్ సర్‌ఛార్జి కలిసి కట్టుగా పెంచారని ఎక్స్‌ప్రెస్ కంపెనీల సంఘం ఫిర్యాదు చేస్తే, కాంపిటీషన్ కమిషన్ 2018లో మూడు ప్యాసింజర్ ఎయిర్‌లైన్స్‌కి జరిమానా వేసింది.

పంపే ముందు కాగితాలు. సరుకు విలువ 50,000 రూపాయలు దాటితే ఈ-వే బిల్లు (సరుకు రవాణాకి జీఎస్టీ కింద ఆన్‌లైన్‌లో తీసే పత్రం) ఉండాలి. పార్ట్ ఎ మీరు నింపాలి, రవాణా వివరాలు పార్ట్ బిలో పడతాయి. ఇన్వాయిస్‌లో పిన్‌కోడ్, ఈ-వే బిల్లులో పిన్‌కోడ్ ఒకటే ఉండాలి, ఒక్క అంకె తేడా ఉన్నా హబ్‌లో పార్సిల్ ఆగుతుంది, ఆ రాత్రి విమానం వెళ్లిపోతుంది. రిస్క్ దగ్గర ఓనర్స్ రిస్క్, క్యారియర్స్ రిస్క్ అని రెండు గడులుంటాయి. తొందరలో ఓనర్స్ రిస్క్ మీద టిక్కు పెట్టి సంతకం చేసేస్తారు. అప్పుడు సరుకు పోతే కంపెనీ ఇచ్చేది రసీదు వెనక రాసిన చిన్న పరిమితి వరకే, మీ ఇన్వాయిస్ విలువతో దానికి సంబంధం ఉండదు. లక్ష రూపాయల మెషిన్ పార్టు పంపేవాళ్లు క్యారియర్స్ రిస్క్ తీసుకోండి, లేదా విడిగా ట్రాన్సిట్ ఇన్సూరెన్స్ చేయించండి. పెట్టె నలిగి వస్తే డెలివరీ షీటు మీద "డ్యామేజ్డ్ కండిషన్‌లో తీసుకున్నాం" అని రాసి, తెరవకముందే నాలుగు వైపులా ఫోటోలు తీసి, ఆ తర్వాతే సంతకం చేయమని అవతలి వాళ్లకి ముందే చెప్పి ఉంచండి. ఓటీపీ చెప్పాక పెట్టె తెరిచి చూసి ఫిర్యాదు చేస్తే నిరూపించడం చాలా కష్టం.

టెండర్లు, ఒరిజినల్ డాక్యుమెంట్లు, ల్యాబ్ శాంపిళ్లు, ఆగిపోయిన మెషిన్‌కి కావాల్సిన పార్టు, ఢిల్లీ, కోల్‌కతా వైపు వెళ్లే చిన్న విలువైన సరుకు, ఇవి కళ్లు మూసుకుని ఇవ్వొచ్చు. పుస్తకాలు, బట్టలు, పెళ్లి సారె, పిండివంటలు, బెంగళూరు చెన్నైలకి వెళ్లే బరువైన పెట్టెలు, వీటికి సర్ఫేస్‌లైన్ చాలు. ఆవకాయ కూడా సర్ఫేస్‌లోనే పంపండి. లారీలో ఒత్తిడి పెద్దగా మారదు కాబట్టి మూత దగ్గర నూనె పొంగే బాధ తగ్గుతుంది, కౌంటర్‌లో అభ్యంతరాలూ తగ్గుతాయి. జార్‌ని నిలువుగా కూర్చోబెట్టడం మాత్రం అక్కడా మర్చిపోకండి.